పుంజం లెక్క

రాత్రి డ్యూటీ. నాలుగో నంబరు గేటు.
లారీ ఆగుతుంది. టార్చి వేసి
పెట్టె తలుపుకున్న సీలు చూస్తాను,
నంబరు చదువుతాను, రాస్తాను.
లోపలేముందో నాకు పని లేదు.
ఇరవై రెండేళ్లుగా నాకు పని లేదు.

యారాడ కొండ మీది దీపం తిరుగుతుంది
ఓసారి నీళ్ల మీద, ఓసారి వన్‌టౌన్ డాబాల మీద,
బొగ్గుధూళికి నల్లబడ్డ ఆరేసిన చీరల మీద.

ఈ గట్టు మీదే ఎక్కడో
మా తాతల తాతకు తాత, దాలయ్య,
నేసి, అద్దకం వేసి, కంపెనీ కొట్టుకి తానులు మోశాడట.
"ఆడి సేతులు సచ్చేదాకా నీలమేరా" అనేది గున్నమ్మ మామ్మ,
"కాట్లో పెట్టినా ముందు ఒళ్లే కాలిందంట,
సేతులు ఆకర్నంట."
మామ్మ మాటల్లో సగం అబద్ధం ఉండేది.
ఏ సగమో ఇప్పటికీ తెలీదు.

దాలయ్యకు వచ్చిన లెక్క పుంజం లెక్క.
నూట ఇరవై పోగులైతే పుంజం,
ఇన్ని పుంజాల పన్నా, ఇన్ని మూరల పొడవు,
నీలిమందు తొట్లో ఇన్ని మునకలు.
బయానా చేతిలో పెట్టి దుబాసీ కాగితం చదివేవాడేమో:
ముదురు నీలం కావాలి. ఇంకా ముదురు.
కొట్టి మెరుగు పెట్టాలి.
అక్కడివాళ్లు వాసన చూసి గాని కొనరు,
వేలితో రుద్ది గాని కొనరు.

అక్కడంటే ఎక్కడ బాబూ, అని దాలయ్య అడిగాడా?
అడగలేదనే అనుకుంటాను.
నేను అడిగానా?

పోయిన శ్రావణంలో, జోరువాన రాత్రి,
ఏదో ఓడలో వంటవాడు, పేరు దోసూ,
షోర్ పాసు తడవకుండా చొక్కాలో దాచుకుని
నా రేకుల షెడ్డు కిందకొచ్చాడు.
టీ పోశాను. నా తాళాలగుత్తి చూశాడు,
బీచి రోడ్డులో జాలరిపేట గుంట దగ్గర
ఇరవై రూపాయలకు కొన్న గవ్వ.
తిప్పి చూసి, దాని పళ్ల మీద వేలు రాసి,
ముక్కల ఇంగ్లీషులో అన్నాడు:
"మా ఊళ్లో ఇది డబ్బు. దీంతో మనుషుల్ని కొన్నారు.
దీంతో, తుపాకులతో, సారాతో,
మీవైపు నుంచి వచ్చిన నీలం గుడ్డతో."

మీవైపు అన్నప్పుడు వేలు నావైపు చూపలేదు.
సముద్రం వైపు చూపాడు. అది అతని మర్యాద.

వాళ్ల మామ్మ చెప్పేదట,
మనిషిని తాడు కట్టి నీళ్లలోకి దింపితే
ఒంటినిండా గవ్వలు పట్టేవట,
పైకి లాగి ఏరుకునేవారట.
ఆవిడ మాటల్లోనూ సగం అబద్ధమే కాబోలు.
ఏ సగమని అడగలేదు.

చిల్లిగవ్వకు కొరగానోడా, అనేవాడు నాన్న,
పదో తరగతి తప్పిన నన్ను.
ఆ తిట్టుకి ఒక రేవులో ధర ఉందని,
తాను విప్పి మూర వేసిన చెయ్యే
పక్కనున్నవాడి దవడ తెరిచి పళ్లు చూసిందని
ఆయనకెవరు చెప్పారు?

ఆ ఒడ్డున చెరుకు తోటలట.
చెరుకంటే నాకు అనకాపల్లి,
పొగ, పొయ్యి మీద పాకం, చేతిలో వేడి బెల్లం ముద్ద.
అక్కడ గానుగ పక్కనే గొడ్డలి వేలాడదీసేవారట,
నిద్రమత్తులో ఎవరి చెయ్యైనా పడితే
గానుగ ఆపక్కర్లేకుండా.
దోసూ ఇది చెప్పి టీ గ్లాసు కడిగి బోర్లించాడు.
ఆ చేతి మీద
ఏ నీలం చొక్కా ఉండిందో, దాని పన్నా ఎన్ని పుంజాలో
లెక్క వేయబోయి నేను ఆగిపోయాను.

గవ్వ తీసుకో అన్నాను.
తల అడ్డంగా ఊపాడు.
"మళ్లీ దాన్ని ఓడెక్కించకు."

వాన వెలిసింది. వెళ్లాడు.
ఓడ పేరు కూడా అడగలేదు చూడు.

ఆ రాత్రి నుంచి అప్పుడప్పుడు
పెట్టె తలుపుకి చెవి ఆనిద్దామనిపిస్తుంది.
ఒకసారి ఆనించాను కూడా.
ఇనుము ఇంకా పగటి వేడి మీదుంది,
లోపల ఏదో జరిగినట్టు చిన్న చప్పుడు,
సరుకే అయ్యుంటుంది.
వెనక పదిహేను లారీలు, హారన్లు.

టార్చి వేశాను. నంబరు చదివాను.
రాశాను:
సీలు సరిగానే ఉంది.